ఉప్పూ కారం తినే ఒళ్ళు

తొమ్మిదేళ్ళు చప్పిడి తిన్నాను
అమరావతికి ఎగువన, ఏటి ఒడ్డు ఆశ్రమంలో.
ఉప్పూ కారం తినే ఒళ్ళు ఊరుకోదు నాయనా,
అనేవారు మా స్వామివారు,
కోపమొస్తుంది, సిగ్గొస్తుంది,
పక్కన మనిషి కావాలనిపిస్తుంది.
అందుకని నా విస్తట్లో
పెసరకట్టు, ఉడకేసిన పొట్లకాయ,
ఇసక రంగు అన్నం.

చందా పుస్తకమిచ్చి నన్ను పంపింది మాత్రం
గుంటూరు మిర్చి యార్డుకే.
గేటు దాటానో లేదో తుమ్ము.
మంత్రానికీ మంత్రానికీ మధ్య తుమ్ము,
మంత్రం మధ్యలో తుమ్ము,
ఆఖరికి మంత్రమే లేదు, ఉత్త తుమ్ములే.
టిక్కీల గుట్ట వెనక ఎవరో నవ్వారు.
"మూతికి గుడ్డ కట్టుకో సామీ,
ఇక్కడికొస్తే దేవుడికైనా ముక్కు కారాల్సిందే."
తాలుకాయలు ఏరుతున్న మనిషి. రాహేలు.
కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు.

చందా ముప్ఫైరెండు వందలు వచ్చింది.
పైసాతో సహా లెక్క ఒప్పజెప్పాను.
నవ్వు సంగతి చెప్పలేదు.
అదే నా మొదటి అబద్ధం.
(నిజానికి అప్పటికి మూడోది.)

తర్వాత దాచడానికేముంది.
కాషాయం మడిచి స్వామివారి గడప మీద పెట్టి
బస్సెక్కాను.
ఏటుకూరు రోడ్డులో రేకుల గది,
కాటా దగ్గర చీటీలు రాసే పని.
మొదటి రాత్రి ఆమె నూరిన గోంగూర తిని
ఏడ్చాను.
"కారానికా?" అంది.
"కారానికే" అన్నాను.

ఆమె అరచేతులతో నన్ను తాకేది కాదు.
పొద్దస్తమానం తొడిమలు తీసిన చేతులు,
ఎంత సబ్బు రుద్దినా మంట వదలదు.
ముంజేతి వెనకవైపుతో నా నుదురు తడిమేది.
మోచేత్తో తలుపు తోసేది.
ఒకసారి నిద్రమత్తులో మరిచిపోయి
వెనకనించి నా కళ్ళు మూసింది.
ఆ రాత్రంతా ఇద్దరం బిందె దగ్గరే,
నేను మొహాన నీళ్ళు కొట్టుకుంటూ,
ఆమె తనని తాను తిట్టుకుంటూ.

దెబ్బలాడుకున్నాం, అదీ చెప్పాలి.
చీటీ డబ్బుల గురించి.
ఆదివారం చర్చికి నేను రానందుకు.
"నీ మౌనం నా మీద వాడకు" అంది ఒకసారి
పళ్ళెం విసిరికొట్టి.
తొమ్మిదేళ్ళు నేను దాన్ని తపస్సనుకున్నాను.

మే నెలలో ఒక రాత్రి. కరెంటు లేదు.
మంట తగ్గడానికి మజ్జిగ గిన్నెలో చేతులు ముంచి
కూర్చున్న పళంగా నిద్రపోయింది.
కదిలితే గిన్నె ఒలుకుతుంది.
మణికట్లు పట్టుకుని కూర్చున్నాను.
దోమలు. నల్లపాడు వైపు గూడ్సు బండి.
పక్క గదిలో పిల్లాడి దగ్గు.
జపం గుర్తు రాలేదు.
గుర్తు రాలేదన్న సంగతీ గుర్తు రాలేదు.
పట్టుకున్నదెవరో, ఎవరి చేతులో,
చల్లబడుతున్నదేదో.
పాలబండి గంట వినపడితే తెలిసింది
రాత్రి అయిపోయిందని.
ఏం జరిగిందంటే చెప్పలేను.
కాళ్ళు తిమ్మిరెక్కాయి, అంతే.

పోయినేడు స్వామివారు తుంటి విరిగి
పెద్దాసుపత్రిలో చేరారు.
రాహేలు గంజి కాచి తెచ్చింది.
మొహం తిప్పుకుంటారేమో అనుకున్నాను.
మూత తీసి వాసన చూసి, నా వంక చూడకుండా,
"ఇందులోకి నంజుకోడానికేమైనా ఉందా అమ్మా?" అన్నారు.
చిటికెడు పండుమిరప పచ్చడి. వేలితో నాకారు.
కళ్ళెంట నీళ్ళు. దగ్గు. మళ్ళీ వేలు.
చాలాసేపటికి అడిగారు,
"నీకేమైనా కనిపించిందా?"
"కంట్లో కారం పడింది స్వామీ" అన్నాను.
నవ్వారు, పళ్ళు లేని నోరంతా ఎర్రగా.
సీసా మూత ఇంకోసారి తీయమన్నారు.

ఇవాళ పొద్దున, మొహానికి గుడ్డ చుట్టుకుంటూ,
"ఉప్పైపోయింది, వచ్చేటప్పుడు పట్రా" అంది.
అరచేతి మీద రాసుకున్నాను.
లేకపోతే మరిచిపోతాను.